దారిబత్తెం, అక్షయనీవి: ప్రాచీన బౌద్ధ యాత్రికుల అనుకోని ఖర్చులు

క్షేత్ర పరిశోధనకు నిధులు కోరుతూ అంచనా పట్టిక తయారుచేసిన ప్రతివారికీ అందులోని చివరి పద్దు పరిచితమే. ప్రయాణం, వసతి, భోజనం, కూలి, ఛాయాచిత్రాలు అన్నీ రాసిన తరువాత అడుగున ‘ఆకస్మిక వ్యయాలు’ అనే వరుస ఒకటి ఉంటుంది. నిధులిచ్చేవారి ఎర్రకలం మొదట పడేది ఆ వరుస మీదనే. దేనికి ఖర్చవుతుందో చెప్పలేని సొమ్మును ముందుగా ఎలా మంజూరు చేయగలమని వారి ప్రశ్న. కాగితం మీద ఆ ప్రశ్న సమంజసంగానే కనిపిస్తుంది.

కొన్నేళ్ళ క్రితం కృష్ణా లోయలో ఒక బౌద్ధ స్థలాన్ని పరిశీలించడానికి వెళ్ళిన మా చిన్న బృందం అకాల వర్షంలో చిక్కుకున్నది. వాగు పొంగి మూడు రోజులు కదలలేకపోయాము. సహచరుడొకరికి జ్వరం తగిలింది. ఆ చివరి పద్దు కింద మాకు మంజూరైనది సున్న. ఊరి బడి వరండా, ఒక రైతు ఇంటి అన్నం, మందుల దుకాణంలో దొరికిన అరువు, ఈ మూడే మమ్మల్ని ఆదుకున్నాయి. ఆ వరండాలో కూర్చుని ఉండగా నాకు కలిగిన ప్రశ్న ఈ వ్యాసానికి మూలం. మనం ఎవరి విహారాల పునాదులను కొలవడానికి వెళ్ళామో, ఆ భిక్షువులు బంగారం, వెండి ముట్టరాదన్న నియమానికి కట్టుబడినవారు. అయినా వారు వేల మైళ్ళు నడిచారు, సముద్రాలు దాటారు. దారిలో దొంగలు దోచుకున్నప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, ఓడ దారి తప్పినప్పుడు వారికి కావలసినది ఎక్కడినుండి వచ్చింది?

వినయ గ్రంథాలు, చైనా యాత్రికుల రచనలు, దాన శాసనాలు ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక సమాధానం దొరుకుతుంది. అనుకోని ఖర్చుకు కావలసిన నిధి యాత్రికుని మూటలో ఉండేది కాదు. అది అతడు వెళ్ళబోయే చోట్ల, అతడు ఎవరో తెలియని దాతలు ముందుగానే నిలిపి ఉంచినది.

పాథేయం: వినయం ఇచ్చిన అనుమతి

దారిలో తినడానికి మూటకట్టుకొనే దానిని తెలుగులో దారిబత్తెం అంటాము. సంస్కృతంలో అది పాథేయం, పాలిలో పాథేయ్య. పాలి వినయపిటకంలోని మహావగ్గంలో, భేషజ్జ ఖంధకంలో, ఈ మాటతో ముడిపడిన కథ ఒకటి ఉంది. భద్దియ నగరవాసి మేండకుడనే గృహపతి బుద్ధుని దర్శించి ఒక విన్నపం చేశాడు. నీరు, తిండి సరిగా దొరకని అడవిదారులు కొన్ని ఉన్నాయనీ, దారిబత్తెం లేకుండా వాటిని దాటడం కష్టమనీ, అందువల్ల భిక్షువులకు పాథేయం అనుమతించాలనీ ఆ విన్నపం సారాంశం.

బుద్ధుడు అంగీకరించాడు. బియ్యం అవసరమైనవారు బియ్యం, పెసలు అవసరమైనవారు పెసలు, అలాగే మినుములు, ఉప్పు, బెల్లం, నూనె, నెయ్యి సేకరించుకోవచ్చునని అనుమతి లభించింది. ఎవరికి ఏది అవసరమో అదే అన్న షరతు ప్రతి వస్తువుకూ విడివిడిగా చెప్పబడింది. నిలవ ఉంచుకోవడాన్ని అంగీకరించని జీవనవిధానంలో ఇది జాగ్రత్తగా కొలిచి ఇచ్చిన మినహాయింపు.

ఆ వెంటనే మరొక ఏర్పాటు వస్తుంది. శ్రద్ధగల గృహస్థులు ‘దీనితో ఆర్యునికి తగినది సమకూర్చండి’ అని కప్పియకారకుని చేతిలో, అంటే భిక్షువుల తరఫున వ్యవహరించే సహాయకుని చేతిలో, బంగారం పెట్టవచ్చు. ఆ బంగారంతో సమకూరిన యోగ్యవస్తువును భిక్షువు స్వీకరించవచ్చు. బంగారాన్ని, వెండిని మాత్రం ఏ విధంగానూ స్వీకరించడానికి గానీ వెదకడానికి గానీ వీలులేదు. నిస్సగ్గియ పాచిత్తియాలలో 18వ నియమం చెప్పే నిషేధం ఇక్కడ కూడా చెక్కుచెదరలేదు. సొమ్ము ఒకరి చేతిలో, అవసరం మరొకరిది. ఈ విభజనను మనసులో పెట్టుకుంటే తరువాతి శతాబ్దాల శాసనాల తీరు సులభంగా బోధపడుతుంది.

దోపిడీకి గురైన భిక్షువు

పాథేయం ముందుగా ఊహించగలిగిన కష్టానికి ఏర్పాటు. ఊహించలేని కష్టానికి వినయంలో వేరే నియమాలున్నాయి. బంధువు కాని గృహస్థుని చీవరం అడగరాదన్నది నిస్సగ్గియ పాచిత్తియాలలో 6వ నియమం. దానికి మినహాయింపు ఏర్పడిన సందర్భాన్ని విభంగం వివరిస్తుంది. సాకేతం నుండి శ్రావస్తికి వస్తున్న కొందరు భిక్షువులను దొంగలు దోచుకున్నారు. చీవరం అడగడం నిషిద్ధమని తెలిసిన ఆ భిక్షువులు ఎవరినీ అడగలేక నగ్నంగానే శ్రావస్తికి నడిచి వచ్చారు. చూసినవారు వారిని ఆజీవకులనుకున్నారు. ఉపాలి స్థవిరుడు ప్రశ్నించి వారు బౌద్ధ భిక్షువులేనని నిర్ధారించవలసి వచ్చింది.

విషయం తెలిసిన బుద్ధుడు నియమాన్ని సవరించాడు. చీవరం దోపిడీకి గురైనా, నిప్పువల్ల, నీటివల్ల, ఎలుకలవల్ల, చెదలవల్ల నశించినా, వాడి వాడి చిరిగిపోయినా అడగవచ్చు. దోపిడీకి గురైన భిక్షువు మొదట చేరిన ఆవాసంలో సంఘానికి చెందిన వస్త్రం, దుప్పటి, పరుపుగుడ్డ ఏది ఉన్నా కట్టుకోవచ్చు, వేరొకటి దొరికిన తరువాత తిరిగి ఇచ్చివేయాలి. అదీ లేకపోతే గడ్డితోనో ఆకులతోనో ఒళ్ళు కప్పుకొని రావాలి గానీ నగ్నంగా రాకూడదు.

7వ నియమం ఈ అనుమతికి హద్దు గీస్తుంది. దోపిడీకి గురైనవారి పేరు చెప్పి ఛబ్బగ్గియ భిక్షువులు అవసరానికి మించి వస్త్రాలు పోగుచేశారు. ఈ శ్రమణులు బట్టల అంగడి పెడతారా ఏమిటని జనం విసుక్కున్నారు. అప్పుడు లెక్క ఏర్పడింది. మూడు చీవరాలు పోయినవాడు రెండు స్వీకరించవచ్చు, రెండు పోయినవాడు ఒకటి, ఒకటే పోయినవాడు ఏదీ తీసుకోరాదు. నష్టాన్ని పూర్తిగా పూడ్చడం ఈ నియమం ఉద్దేశం కాదు. ప్రయాణం కొనసాగడానికి కావలసినంత ఇవ్వడమే దాని పరిమితి. ఆకస్మిక వ్యయపు పద్దు దుర్వినియోగమవుతుందని నేటి లెక్కల అధికారులు పడే భయం కొత్తది కాదన్నమాట. అయితే వినయకర్తలు ఆ భయంతో పద్దును కొట్టివేయలేదు, దానికి కొలత పెట్టారు.

50 రోజుల తిండి: ఫాహియాన్

నియమాలు ఇలా ఉండగా అనుభవం ఎలా ఉన్నది? క్రీ.శ. 399లో చాంగ్‌ఆన్ నుండి బయలుదేరిన ఫాహియాన్ రచనలో దారి ఖర్చుల ప్రస్తావన మొదటి పుటలలోనే వస్తుంది. మధ్య ఆసియాలోని అగ్ని రాజ్యంలో ఆ బృందానికి సరైన ఆదరణ దొరకలేదు. సహచరులలో ముగ్గురు ప్రయాణ సాధనాలు సమకూర్చుకోవడానికి గావోచాంగ్ వైపు వెనుదిరిగారు. ఫాహియాన్ మాత్రం ఒక దాత సహాయంతో ముందుకు సాగాడు. దారిబత్తెం లేక బృందం చీలిపోవడం, అదీ యాత్ర ఇంకా ఎడారి దాటకముందే, గమనించవలసిన విషయం.

తిరుగు ప్రయాణం మరింత చెబుతుంది. సింహళంలో రెండేళ్ళు గడిపి ఫాహియాన్ 200 మందికి పైగా ఎక్కిన పెద్ద వర్తక నౌకలో బయలుదేరాడు. తుఫానులో ఓడకు చిల్లు పడింది. వర్తకులు బరువైన సరుకులను సముద్రంలోకి విసిరివేయసాగారు. ఫాహియాన్ కూడా తన నీటి కూజాను, కడుగుడు పాత్రను విసిరివేశాడు. గ్రంథాలను, ప్రతిమలను కూడా పారవేస్తారేమోనన్నదే అతని భయం. దాదాపు 90 రోజుల తరువాత ఓడ యవద్వీపం చేరింది. అక్కడ 5 నెలలు ఆగి, మరొక నౌక ఎక్కాడు. గ్వాంగ్‌జౌ చేరడానికి మామూలుగా 50 రోజులు పడుతుంది కనుక ఆ నౌకలో 50 రోజులకు సరిపడే తిండి, నీరు నింపారు.

గాలివానకు ఓడ దారి తప్పింది. 70 రోజులు దాటాయి. వంటకు సముద్రపు నీరు వాడి, తాగే నీటిని మనిషికి ఇంతని కొలిచి పంచారు. అంతకు ముందే ఓడలోని కొందరు బ్రాహ్మణులు, ఈ శ్రమణుని వల్లనే కష్టం వచ్చిందనీ, ఏదో ఒక దీవిలో దించివేయాలనీ ఆలోచన చేశారు. ఫాహియాన్‌కు అండగా నిలిచిన దాత ఒకడు వారిని ఎదిరించి ఆపాడు. చివరకు వాయువ్యంగా మరో 12 రోజులు నడిపితే, 412లో, గ్వాంగ్‌జౌకు ఎంతో ఉత్తరాన షాన్‌డాంగ్ తీరంలోని లావోషాన్ వద్ద నేల కనిపించింది.

మామూలు రోజుల లెక్క వేసి, మామూలు రోజులకే తిండి నింపిన ఓడ అది. అనుకోని దానికి ఏర్పాటు లేనప్పుడు కొరత మొదట ఎవరి మీద పడుతుందో కూడా ఈ కథ చూపుతుంది. ఓడలో అందరికంటే బలహీనుడు, స్వదేశీయులు దగ్గరలేని భిక్షువు, దించివేయదగిన బరువుగా కనిపించాడు.

20 ఏళ్ళకు సరిపడే ధనం: హ్యూయన్‌త్సాంగ్

హ్యూయన్‌త్సాంగ్ జీవితం ఇందుకు భిన్నమైనదిగా తోస్తుంది. రాజానుమతి లేకుండా రహస్యంగా బయలుదేరిన అతడు మొహెయెన్ ఎడారిలో నీటితిత్తిని చేజార్చుకొని 4 రాత్రులు, 5 పగళ్ళు చుక్క నీరు లేకుండా గడిపాడు. దారి తెలిసిన ముసలి గుర్రం నీటి జాడ పట్టడం వల్ల బ్రతికాడు. ఆ తరువాత గావోచాంగ్ రాజు చూ వెన్‌తాయ్ అతనికి శిష్యప్రాయుడై చేసిన ఏర్పాటును శిష్యుడు హుయీలీ రాసిన జీవితచరిత్ర వివరంగా నమోదు చేసింది. 100 ఔన్సుల బంగారం, 30,000 వెండి నాణేలు, 500 తానుల పట్టు, 30 గుర్రాలు, 25 మంది సేవకులు. పోయి రావడానికి 20 ఏళ్ళకు సరిపోతుందని రాజు లెక్క. వీటితోపాటు దారిలోని 24 రాజ్యాలకు 24 లేఖలు, ఒక్కొక్క లేఖతో ఒక్కొక్క పట్టుతాను.

ఆ ధనం ఏమైంది? మంచుకొండలు దాటేటప్పుడు బృందంలో పదిమందికి ముగ్గురో నలుగురో చలికి, ఆకలికి చనిపోయారు. బంగారాన్ని, వెండిని, పట్టును గాంధార ప్రాంతపు స్తూపాలకు, విహారాలకు దానం చేస్తూ వెళ్ళాడు. పంజాబులోని టక్క దేశంలో, మోదుగల అడవిలో, 50 మందికి పైగా దొంగలు అతనిని, తోటివారిని బట్టలతో సహా దోచుకొని చంపడానికి ఎండిన చెరువులోకి తరిమారు. ముళ్ళపొదల నడుమ నీటికంతగుండా తప్పించుకొని, పొలం దున్నుతున్న ఒక బ్రాహ్మణునికి చెప్పగా, అతడు శంఖం ఊది, డప్పు కొట్టి ఊరివారిని పోగుచేశాడు. బట్టలు ఆ ఊరివారే ఇచ్చారు. తోటివారు ఏడుస్తుంటే హ్యూయన్‌త్సాంగ్ నవ్వుతూ, ప్రాణం మిగిలిన తరువాత పోయినదానికి చింత ఎందుకన్నాడు. మరునాడు చేరిన పట్టణంలో 300 మందికి పైగా పౌరులు తలా ఒక నూలుతాను తెచ్చి ఇచ్చారు. తోటివారికి పంచగా 50 తానులు మిగిలాయి.

20 ఏళ్ళ ధనం చేయలేని పనిని ఒక ఊరి డప్పు చేసింది. అయితే చూ వెన్‌తాయ్ ఇచ్చిన లేఖలు వృథా కాలేదు. బంగారాన్ని దోచుకోవచ్చు, పరిచయాన్ని దోచుకోవడం కష్టం. ఈ సంగతి హర్షునికి కూడా తెలిసినట్లుంది. తిరుగు ప్రయాణంలో అతడు దారి ఖర్చులకు ఒక ఏనుగును, 3,000 బంగారు నాణేలను, 10,000 వెండి నాణేలను ఒక ఉత్తరదేశపు రాజు వెంట పంపించాడు. తెల్లని నూలుగుడ్డ మీద రాసి ఎర్రమట్టి ముద్ర వేసిన లేఖలను కూడా దారిలోని రాజ్యాలకు పంపాడు.

అయినా సింధు నది దాటేటప్పుడు పడవ అల్లల్లాడి 50 కట్టల గ్రంథాలు నీటిపాలయ్యాయి. హ్యూయన్‌త్సాంగ్ అక్కడ 50 రోజులకు పైగా ఆగి, కాశ్యపీయుల త్రిపిటకానికి నకలు రాయించడానికి ఉద్యాన దేశానికి మనుషులను పంపాడు. తరువాత పామీరు దాటాక దొంగలు పడినప్పుడు హర్షుడిచ్చిన ఏనుగు బెదిరి నీటిలో మునిగి చనిపోయింది. ఖోతాన్‌లో ఆగి, పోయిన గ్రంథాల ప్రతులకోసం కూచాకు, కాష్గర్‌కు మళ్ళీ మనుషులను పంపాడు. 645లో చాంగ్‌ఆన్ చేరిన 657 గ్రంథాల వెనుక ఇన్ని ఆగడాలు, ఇన్ని తిరగరాతలు ఉన్నాయి. మన ధాన్యకటకంలో అతడు కొన్ని నెలలు ఆగి మహాసాంఘికుల అభిధర్మం చదవగలిగాడంటే, ఏ మజిలీలో ఎన్నాళ్ళు పడుతుందో ముందే బిగించి పెట్టుకోని ప్రయాణం కనుకనే.

ఆకులు కప్పుకున్న వినయాచార్యుడు: ఇత్సింగ్

ఇత్సింగ్ 671లో గ్వాంగ్‌జౌలో పారశీక నౌక ఎక్కినప్పుడు, కలిసి వస్తామన్న సహచరులు ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఫెంగ్ అనే అధికారి ఇచ్చిన సహాయమే ఆధారం. శ్రీవిజయం మీదుగా 673లో తామ్రలిప్తి చేరి, ఏడాదిపాటు సంస్కృతం నేర్చుకొని, వర్తకుల బిడారుతో మగధకు బయలుదేరాడు. మహాబోధికి పది రోజుల దూరంలో జబ్బుపడ్డాడు. కొద్ది దూరానికే నూరుసార్లు కూర్చోవలసి వచ్చింది. బిడారు, తోటి భిక్షువులు ముందుకు వెళ్ళిపోయారు. సాయంకాలం కొండదారిలో ఒంటరిగా ఉన్న అతనిని విల్లంబులు ధరించిన దొంగలు చుట్టుముట్టి పై చీవరం, కింది చీవరం రెండూ లాక్కున్నారు. తెల్లని ఒంటి మనిషిని బలి ఇస్తారన్న వదంతి గుర్తుకొచ్చి ఇత్సింగ్ బురదగుంటలో దొర్లి, ఒంటికి ఆకులు కప్పుకొని, కర్ర ఊతతో నడిచాడు. రాత్రి చాలా పొద్దుపోయాక ఊరి వెలుపల తన పేరు పిలుస్తున్న దాచెంగ్‌దెంగ్ అనే తోటి భిక్షువు గొంతు వినిపించింది. ఆ భిక్షువు ఒక వస్త్రం ఇచ్చాడు. చెరువులో కడుక్కొని, అది కట్టుకొని ఇత్సింగ్ ఊరిలో అడుగుపెట్టాడు.

సాకేతం దారిలో దోపిడీకి గురైన భిక్షువుల కథ తెలిసిన పాఠకునికి ఇక్కడ ఆగి చూడవలసినది ఉంది. ఆకులు కప్పుకోవడానికి ఇత్సింగ్ చెప్పిన కారణం ప్రాణభయం. కానీ తరువాత మూలసర్వాస్తివాద వినయాన్ని చైనాభాషలోకి తెచ్చిన పండితుడతడు. నియమం చెప్పిన వరుసలోనే, ఆకులు, ఆ తరువాత తోటి భిక్షువు ఇచ్చిన ఒక్క వస్త్రం, అతని రక్షణ జరిగింది. శతాబ్దాల క్రితం ఏర్పరచిన నియమం ఒక నిజమైన దారికి ఎంత దగ్గరగా ఉన్నదో ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

ఇత్సింగ్ ఎదుర్కొన్న మరొక ఆకస్మికత విచిత్రమైనది. నలందలో దాదాపు పదేళ్ళు చదివి, గ్రంథాలతో శ్రీవిజయం చేరి, అనువాదానికి కూర్చున్నప్పుడు కాగితం, సిరా అయిపోయాయి. 689లో వాటిని, లేఖకుల కూలికి సొమ్మును కోరుతూ గ్వాంగ్‌జౌకు లేఖ పంపడానికి రేవులోని ఓడ ఎక్కాడు. అదే సమయానికి అనుకూలమైన గాలి వీచింది, వర్తకులు తెరచాప ఎత్తారు. దిగే వీలులేక, అయిదు లక్షల శ్లోకాల గ్రంథరాశిని శ్రీవిజయంలోనే వదిలి, ఇత్సింగ్ స్వదేశానికి కొట్టుకుపోయాడు. కాగితపు ఖర్చు ముందుగా లెక్కకు రాకపోవడం వల్ల జరిగిన సముద్రయానం ఇది. అదే ఏడాది సహాయకులతో తిరిగి వెళ్ళి పని కొనసాగించాడు. 695లో గానీ లుయోయాంగ్ చేరలేదు.

అందరికీ ఇంత అదృష్టం లేదు. ధర్మాన్వేషణకు బయలుదేరిన 50 మందికి పైగా భిక్షువుల చరిత్రలు రాసిన ఇత్సింగ్, వారిలో అనేకులు దారిలోనే మరణించారని చెబుతాడు. చాంగ్‌మిన్ అనే భిక్షువు ఎక్కిన ఓడ సరుకుల బరువుకు మునిగింది. చిన్న పడవలో చోటుకోసం వర్తకులు తోసుకుంటుంటే, తనకిచ్చిన చోటును కాదని ఇతరులను ఎక్కించమని చెప్పి అతడు నీటిలో కలిసిపోయాడు. శిష్యుడు కూడా గురువును విడవలేదు.

తరగని మూలధనం

యాత్రికులను చూశాము, ఇక వారికోసం నిలిపిన నిధులను చూద్దాం. అక్షయనీవి అంటే తరగని మూలధనం. అసలును ఎప్పటికీ ముట్టకూడదు, వడ్డీని మాత్రమే అనుభవించాలి. నాసిక్‌లోని 10వ గుహలో నహపానుని అల్లుడు ఉషవదాతుడు వేయించిన శాసనం ఈ పద్ధతికి స్పష్టమైన ఉదాహరణ. చతుర్దిశల భిక్షుసంఘానికి అతడు 3,000 కార్షాపణాలు ఇచ్చి, వాటిని గోవర్ధనంలోని శ్రేణుల వద్ద ఉంచాడు. నేతగాళ్ళ శ్రేణి ఒకదానిలో 2,000, నెలకు నూటికి 1 వడ్డీ. మరొక నేతగాళ్ళ శ్రేణిలో 1,000, నెలకు నూటికి ముప్పాతిక. మొదటి మొత్తంపై ఏటా వచ్చే వడ్డీ 240 కార్షాపణాలు. ఆ గుహలో వర్షావాసం చేసే 20 మంది భిక్షువులకు తలా 12 చొప్పున చీవరాల ఖర్చు. 20ని 12తో గుణిస్తే సరిగ్గా 240. దాత వడ్డీని ముందు లెక్కించి, తరువాత దానం రాశాడని ఇక్కడ తేలుతుంది. రెండవ మొత్తంపై వచ్చే వడ్డీ ‘కుసణమూలం’ అనే వేరొక పద్దుకు. నాసిక్‌లోనే మరొక శాసనం ఇతడు భరుకచ్ఛ, దశపుర, గోవర్ధన, శూర్పారకాలలో ప్రయాణికులకు వసతిగృహాలు కట్టించాడనీ, తపతి, దమన వంటి నదుల మీద రుసుము లేని పడవలు నడిపించాడనీ, ఆ రేవుల రెండు ఒడ్డులా సభలు, చలివేంద్రాలు ఏర్పరచాడనీ చెబుతుంది.

అదే నాసిక్‌లో, ఆభీర ఈశ్వరసేనుని 9వ పాలనాసంవత్సరపు శాసనంలో, విష్ణుదత్త అనే శక ఉపాసిక ఇచ్చిన అక్షయనీవి ఉంది. త్రిరశ్మి పర్వతం మీద నివసించే, నాలుగు దిక్కులనుండి వచ్చిన భిక్షుసంఘంలోని రోగులకు మందులకోసం ఆమె సొమ్మును కులరికులు, ఓదయంత్రికులు, నూనె గానుగవారు మొదలైనవారి శ్రేణులలో నిలిపింది. దారిలో జబ్బుపడే మనిషి ఎవరో, ఎప్పుడు వస్తాడో ఆమెకు తెలియదు. ఎవరో ఒకరు తప్పక వస్తారని తెలుసు. ఆకస్మిక వ్యయమనే భావనకు ఇంతకంటే చక్కని నిర్వచనం నాకు కనిపించలేదు. ఒక వ్యక్తికి అనుకోనిది, సంఘానికి అనుకోదగినదే.

సాంచిలో గుప్తశకం 131, అంటే క్రీ.శ. 450-51 నాటి శాసనంలో ఉపాసిక హరిస్వామిని 12 దీనారాలు అక్షయనీవిగా ఇచ్చింది. వాటి వడ్డీతో ప్రతిదినం సంఘమధ్యంలో ప్రవేశించే ఒక భిక్షువుకు భోజనం పెట్టాలి. దీపాలకు మరో 4 దీనారాలు విడిగా కేటాయించింది. ఇక్కడా ఆ భిక్షువు పేరు లేదు. అతని ఆకలి మాత్రమే లెక్కకు వచ్చింది.

సొంత గూడు లేనివారు

నిధితోపాటు గూడు కూడా కావాలి. మహాబోధి వద్ద సింహళ భిక్షువులకు వసతి దొరకక అవమానపడ్డారనీ, వారు తిరిగి వెళ్ళి చెప్పగా సింహళరాజు మేఘవర్ణుడు సముద్రగుప్తునికి రత్నాలు కానుకగా పంపి అనుమతి పొంది అక్కడ విహారం కట్టించాడనీ చైనా రచనలు చెబుతాయి. హ్యూయన్‌త్సాంగ్ చూసేనాటికి ఆ విహారంలో దాదాపు వేయిమంది భిక్షువులున్నారు. ఇద్దరు యాత్రికులకు ఎదురైన ఒక కష్టం, కొన్ని తరాల యాత్రికులకు ఆశ్రయమైంది.

మన నాగార్జునకొండ ఈ విషయంలో మరింత ముందున్నది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 14వ పాలనాసంవత్సరంలో ఉపాసిక బోధిసిరి చుళధమ్మగిరిపై తంబపణ్ణి స్థవిరులకోసం చైత్యగృహం కట్టించింది. ఆ శాసనమే ఆమె ఇతర దానాలను కూడా వరుసగా చెబుతుంది. సీహళ విహారంలో బోధివృక్ష ప్రాసాదం, కంటకసేల మహాచైత్యం తూర్పు ద్వారం వద్ద శిలామండపం, పుప్ఫగిరిలో శిలామండపం, పాపిలలో 7 గదులు, హిరుముఠువలో 3 గదులు. కంటకసేల నేటి ఘంటసాల, సముద్ర వర్తకపు రేవు. ఆ జాబితాను పుణ్యకార్యాల పట్టికగా చదువుతూ వచ్చాము. రేవునుండి లోయదాకా భిక్షువు నడిచే బాటగా కూడా దానిని చదవవచ్చునని నా అభిప్రాయం. గదులు, మండపాలు ఎండకు, వానకు, జ్వరానికి ఆగే చోట్లు.

దీనికి ఎదురుగా చైనా భిక్షువుల స్థితి ఉంది. ఇతర దేశాలవారికి మహాబోధి, నలంద ప్రాంతాలలో సొంత విహారాలుండగా తమవారికి లేకపోవడాన్ని ఇత్సింగ్ బాధతో రాశాడు. పూర్వం శ్రీగుప్తుడనే రాజు 20 మంది చైనా భిక్షువులకోసం ఒక విహారం కట్టించి 24 గ్రామాలు ఇచ్చాడు. ఇత్సింగ్ నాటికి అక్కడ ఇటుకల పునాది మాత్రమే మిగిలింది. గ్రామాలు తూర్పుదేశపు రాజు దేవవర్మ అధీనంలోకి వెళ్ళాయి. చైనానుండి భిక్షువులు వస్తే తిరిగి ఇస్తానని ఆ రాజు అంటున్నాడని ఇత్సింగ్ రాశాడు. వచ్చేవారు లేక నిధి పోయింది, నిధి లేక వచ్చేవారు తగ్గారు. అక్షయమని రాసినంత మాత్రాన నీవి అక్షయం కాదు. వాడుకొనేవారు, లెక్క చూసేవారు ఉన్నంతకాలమే అది తరగదు.

9వ శతాబ్దిలో సువర్ణద్వీప రాజు బాలపుత్రదేవుడు నలందలో విహారం కట్టించి, పాల రాజు దేవపాలుని ద్వారా 5 గ్రామాలు ఇప్పించినప్పుడు ఈ పాఠం బాగా తెలిసినట్లు కనిపిస్తుంది. ఆ తామ్రశాసనంలో పూజతోపాటు నాలుగు దిక్కుల భిక్షువుల చీవరం, భిక్ష, శయనాసనం, రోగులకు మందులు, గ్రంథాల లేఖనం, విహారం విరిగినా పగిలినా మరమ్మతు, ఇవన్నీ పేరుపేరునా ఉన్నాయి. ఇత్సింగ్‌కు కొరతపడిన కాగితం, సిరా వంటి లేఖన ఖర్చు కూడా అందులో చేరింది.

మన అంచనా పట్టికలు

ఈ సామగ్రినుండి నేటి మనకు పనికివచ్చే సంగతులు మూడున్నాయి. మొదటిది, ఆకస్మిక వ్యయాన్ని యాత్రికుని జేబుకు వదిలివేయడం ప్రాచీనుల పద్ధతి కాదు. ఒంటరి మనిషికి ఎప్పుడు జ్వరం వస్తుందో చెప్పలేము. ఏటా పదిమందిని క్షేత్రానికి పంపే సంస్థకు వారిలో ఒకరికైనా వస్తుందని చెప్పవచ్చు. కనుక ఆ నిధి సంస్థ వద్ద, మూలధనంగా, ఏ ఒక్క ప్రాజెక్టుకూ చెందకుండా ఉండాలి. రెండవది, దానికి వినయం చూపిన కొలత ఉండాలి. మూడు పోతే రెండు అన్నట్లు, ప్రయాణం కొనసాగడానికి కావలసినంత. మూడవది, సొమ్ముకంటే ముందు పరిచయం. దారిలోని విహారాల, సంగ్రహాలయాల, స్థానిక విద్యావంతుల జాబితా, వారికి ముందుగా పంపిన లేఖ, ఇవి గావోచాంగ్ రాజు ఇచ్చిన 24 లేఖలు చేసిన పనినే నేటికీ చేస్తాయి.

మన సంస్థల నుండి ఏటా యువభిక్షువులు, పరిశోధక విద్యార్థులు లుంబినికి, సాంచికి, అనురాధపురానికి, ఇంకా మారుమూల కొండగుట్టల మీది స్థలాలకు వెళుతున్నారు. వారిలో చాలామంది ఇంటి స్థితి అంతంతమాత్రం. అనుకోని ఖర్చు వస్తే పరిశోధన సగంలో వదిలి తిరిగి వచ్చినవారిని నేనెరుగుదును. అగ్ని రాజ్యం నుండి వెనుదిరిగిన ఆ ముగ్గురి పేర్లు ఫాహియాన్ రాయబట్టి మనకు తెలిశాయి. వీరి పేర్లు ఎవరూ రాయరు.

మేము వాన వెలిసే దాకా ఆగిన ఆ బడి వరండాకు ఊరి పెద్దలు ఎన్నడో రేకుల కప్పు వేయించారు. వేయించినవారికి మేము వస్తామని తెలియదు. విష్ణుదత్త దానం కూడా అటువంటిదే. వచ్చే సంవత్సరపు అంచనా పట్టికలు తయారయ్యే వేళ, అడుగునున్న ఆ చివరి వరుసను కొట్టివేసే ముందు ఆమె శాసనాన్ని ఒకసారి చదవవలసిందిగా పెద్దలను ప్రార్థిస్తున్నాను.